తలపాగా తీసిన చేప

భవానీపురం కొండలయ్య గారి అమ్మాయి సుధామణికి తండ్రి దగ్గర్నుంచి వచ్చినవి రెండే. ఒకటి కోటేరు ముక్కు, రెండోది ఎదుటివాళ్ళని నవ్వించందే ఊరుకోలేని నోరు. ముక్కు వల్ల ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

కొండలయ్య చేపల మార్కెట్లో వేలం వేసేవాడు. తెల్లారగట్ల లారీల మీంచి గంపలు దిగుతుంటే ఆయన గొంతు రోడ్డు చివరిదాకా వినపడేది. "ఈ బొచ్చె ఒళ్ళు చూడండి, నిన్నటిదాకా పెళ్ళివారింట్లో విడిది చేసొచ్చింది!" "కొర్రమీను నిద్రపోతోంది, గట్టిగా అరవకండి, లేచిందంటే రేటు పెంచుతుంది!" ఆ మాటలకి నవ్వుతూనే జనం పాట పెంచేవాళ్ళు. ఇన్ని కోతలు కోసేవాణ్ణి మార్కెట్టు ముప్పై ఏళ్ళు ఎలా నమ్మిందంటే, ఆయనకో పద్ధతి ఉంది. తలకి తలపాగా ఉన్నంతసేపూ ఆయనేం చెప్పినా నవ్వులకి. ఎప్పుడైనా తలపాగా తీసి భుజాన వేసుకున్నాడంటే మాత్రం ఆ మాట మీద కళ్ళు మూసుకుని డబ్బు పెట్టొచ్చు. "ఈ గంప అడుగు మెత్తబడింది. చూసుకుని పాడండి" అని తలపాగా తీసే చెప్పేవాడు. కొత్తగా వచ్చిన బేరగాళ్ళకి పాతవాళ్ళు ముందు నేర్పేది చేప మొప్పలు ఎత్తి చూడటం, ఆ తర్వాత కొండలయ్య తల వైపు చూడటం.

సుధామణి బీకాం అయ్యాక గవర్నరుపేటలో డీటీపీ పని నేర్చుకుని, పెళ్ళి శుభలేఖలూ గైడు పుస్తకాలూ కొట్టి కొట్టి విసుగెత్తి, రెండువేల మూడులో మొగల్రాజపురంలో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో చేరింది. ఎనిమిది కుర్చీలు, ఒక ఏసీ. ఆ ఏసీ కూడా కంప్యూటర్ల కోసమే గాని మనుషుల కోసం కాదని యజమాని జయదేవ్ గారు ముందే చెప్పారు. లెక్చరర్ల కుటుంబంలో పుట్టి వ్యాపారంలో దిగిన మనిషాయన. అందుకని ఏ సంగతైనా ముందు బోర్డు మీద రాసి, తర్వాత భయపడేవారు.

ఏం పనమ్మా అది అని కొండలయ్య అడిగాడు. ఎవరైనా నెట్‌లో ఫలానా వస్తువు కావాలని వెతికితే మా కస్టమర్ సైటు ముందుగా కనపడేలా చేస్తాం నాన్నా అంది.

"అంటే గంపని ముందు వరసలో పెట్టించే పని."

"అదే."

"సరుకు మంచిదైతేనే పెట్టించు. ముందు వరసలో పెడితే కంపు కూడా ముందే కొడుతుంది."

ఆ రంగంలో పెద్దలు ఆ తర్వాత పెద్ద పెద్ద హోటళ్ళలో సభలు పెట్టి చెప్పింది ఇంతకంటే ఎక్కువేమీ లేదు. కాకపోతే వాళ్ళు టై కట్టుకుని చెప్పారు.

ఆఫీసులో సుధామణికి మొదట్నుంచీ ఒక అలవాటు పడింది. ఈ పనిచేసేవాళ్ళంతా దేశదేశాల నుంచి వచ్చి కబుర్లాడుకునే ఫోరాలు నెట్‌లో ఉండేవి. ఏ సెర్చ్ ఇంజన్ ఏం మార్చింది, ఎవరి సైటు మునిగింది, ఎవరు ఎవర్ని తిట్టారు, అన్నీ ఇంగ్లీషులో అక్కడ దొరికేవి. పక్క కుర్చీల వాళ్ళకి అదంతా చదివే ఓపిక లేదు. అందుకని సుధామణి వారం వారం వార్తలూ జోకులూ ఏరి, తనకి తోచినవి కలిపి, తెలుగులో ఒక పేజీ కొట్టి, మంచినీళ్ళ కూలర్ పైన గోడకి అంటించడం మొదలుపెట్టింది. దాని పేరు 'శనివారం గంప'. పైన ఒక కొర్రమీను బొమ్మ. ఆ వృత్తిలో నిజాయితీగా చేసేవాళ్ళని తెల్లటోపీ వాళ్ళనీ, దొంగదారిన పోయేవాళ్ళని నల్లటోపీ వాళ్ళనీ అంటారు. మన వైపు ఏ రంగు టోపీ పెట్టినా మోసమే కదా అని ఆమె తన చేపకి నాన్న తలపాగా చుట్టింది.

గంపలో ఏముండేదంటే, ఇదిగో ఇలాంటివి. "గూగుల్ వాళ్ళ మార్పులకి తుఫాన్లకి పెట్టినట్టు పేర్లు పెడుతున్నారు. కోస్తా వాళ్ళకి ఇది కొత్తేం కాదు. పేరు తెలిసేలోపు పైకప్పు లేచిపోతుంది." ఇంకోటి, "నువ్వు నా సైటుకి లింకిస్తే నేను నీ సైటుకి లింకిస్తాను అనే కుండమార్పిడి సంబంధాలని ఇక గూగుల్ లెక్కలోకి తీసుకోదట. పిల్లనిచ్చి పిల్లని తెచ్చుకునేవారు ఇతర సంబంధాలు చూసుకోగలరు." వీటిలో మొదటి వాక్యం వార్త, మిగతాది సుధామణి.

ఆ పేజీ గోడ దిగి జిరాక్సులెక్కింది. లబ్బీపేటలో రెండు ఆఫీసులు, గుంటూరులో ఒకటి, హైదరాబాదులో ఎక్కడెక్కడో శనివారం సాయంత్రానికి ఈమెయిల్లో చూసుకుని నవ్వుకునేవాళ్ళు. "గంప దిగిందా?" అని ఫోన్లొచ్చేవి. సుధామణి పైకి ఏమీ ఎరగనట్టుండేది గాని, లోపల పొంగిపోయేది. పొంగదా మరి?

ఆ పేజీని అందరికంటే శ్రద్ధగా చదివే మనిషి మాత్రం కంప్యూటర్ ముఖమే సరిగ్గా ఎరగదు. చల్లపల్లిలో గంగాదేవి అని ఒకావిడ రొయ్యల పచ్చడి పెట్టి అమ్మేది. రొయ్యల పచ్చడి, కొర్రమీను పచ్చడి, ఎండురొయ్యల కారం, మొత్తం ఆరు రకాలు. రొయ్యలు ఒలవడానికీ కారాలు దంచడానికీ తొమ్మిదిమంది ఆడవాళ్ళు ఆవిడ పెరట్లో పనిచేసేవాళ్ళు. ఆవిడ బావగారి కొడుకు శివాజీ నలభై దాటినవాడు, బస్టాండు దగ్గర నెట్ సెంటర్ నడుపుతూ పిన్నికి ఒక సైటు చేసిపెట్టాడు. దాన్ని ముందు వరసలోకి తెచ్చింది జయదేవ్ గారి ఆఫీసు. రెండేళ్ళుగా బెంగుళూరు నుంచి, పూనా నుంచి, ఎక్కడెక్కడి మనవాళ్ళ నుంచో ఆర్డర్లు వస్తున్నాయి. ఆఫీసు నెలనెలా రిపోర్టు కొరియర్లో పంపేది. అందులో అంకెలున్న కాగితాలు ఆవిడ శివాజీకిచ్చేసి, "ఆ చేపబొమ్మ కాగితం పెట్టడం మర్చిపోకమ్మా" అని సుధామణికి ఫోన్ చేసి మరీ చెప్పేది.

రెండువేల ఆరులో ఉగాది గురువారం వచ్చింది. ఆ శనివారం ఏప్రిల్ ఒకటి, ఫూల్స్ డే. రెండూ కలిసొచ్చాయి గదా అని సుధామణి ఆ వారం గంపని పంచాంగ శ్రవణంగా రాసింది. రాజు పేజ్‌ర్యాంకు, అంటే గూగుల్ సైట్లకి వేసే మార్కు. మంత్రి లింకు, సేనాధిపతి మంచి రాత, పాపం ఆయనకి జీతం లేదు. చిన్న సైట్లకి ఆదాయం రెండు, వ్యయం పధ్నాలుగు, రాజపూజ్యం సున్నా, అవమానం ఏడు. చివర గ్రహశాంతి. "అవమానం ఎక్కువగా ఉన్నవారు తమ సరుకు పేరుని ప్రతి పేజీ అడుగునా, తెల్ల కాగితం మీద తెల్ల అక్షరాలతో, నూటెనిమిది సార్లు రాసిన యెడల సమస్త దోషములు తొలగి ప్రథమ స్థానము ప్రాప్తించును."

ఇది చదివి ఆఫీసంతా పొట్ట పట్టుకుంది. ఎందుకంటే చదివేవాడికి కనపడకుండా తెల్ల మీద తెల్లతో మాటలు దాచడం ఆ వృత్తిలో అన్నింటికంటే పాత దొంగతనం, దొరికితే గూగుల్ వాళ్ళు సైటు పేరే తమ జాబితాలోంచి కొట్టేస్తారు. పనిలో చేరిన మొదటి రోజే చెప్పే పాఠం అది. గంగాదేవి పనిలో చేరలేదు.

కాగితం చల్లపల్లికి ఏడో తారీఖున చేరింది. అప్పటికి ఒకటో తారీఖు సంగతి ఎవరికి గుర్తుంటుంది? గంగాదేవి రెండుసార్లు చదివి, పసుపు చేతులు కడుక్కుని, తులసిమాల పట్టుకుని నెట్ సెంటర్‌కి నడిచింది.

"ఒక్కసారి కొట్టి మిగతావి కాపీ చేస్తాను పిన్నీ" అన్నాడు శివాజీ.

"నోరు ముయ్యి. రామనామం జిరాక్స్ తీయిస్తారట్రా ఎవరైనా? ఒక్కోటీ రాయి. నేను లెక్కపెడతాను."

ఆరు పేజీలు, పేజీకి నూటెనిమిది. శివాజీ ఇంగ్లీషులో 'ప్రాన్ పికిల్' అని కొడుతుంటే ఆవిడ పూసలు తిప్పింది. మధ్యలో ఒకచోట లెక్క తప్పిందని అనుమానమొచ్చి ఆ పేజీ మొదట్నుంచి కొట్టించింది. సాయంత్రానికి శివాజీ వేళ్ళు వంగలేదు. బాగా జరిగిందని ఆవిడ అతనికి ఒక సీసా కారప్పొడి ఇచ్చి వెళ్ళింది.

మే మొదటి వారంలో గంగాదేవి పచ్చళ్ళు గూగుల్లోంచి మాయమైపోయాయి. వెనక్కి వెళ్ళడం కాదు, పూర్తిగా లేవు. ఆవిడ పేరు, ఊరు, పచ్చడి మూడూ కలిపి కొట్టినా మరెవరో వచ్చారు. ఆర్డర్లు ఆగిపోయాయి. పచ్చళ్ళ రోజుల్లో, అందరికీ చేతినిండా పని ఉండాల్సిన ఎండాకాలంలో, తొమ్మిదిమందీ పెరట్లో కూర్చుని ఈగలు తోలుకుంటున్నారని ఫోన్ వచ్చింది. "ఇంకో రెండు వారాలు చూస్తానమ్మా. ఆ తర్వాత వాళ్ళని వేరే పని చూసుకోమనాలి" అంది గంగాదేవి.

జయదేవ్ గారు సైటు తెరిచి పైనుంచి కిందికి చూశారు. ఏమీ కనపడలేదు. కంట్రోల్ మీటా, ఇంగ్లీషు 'ఏ' మీటా కలిపి నొక్కారు. పేజీ మొత్తం నీలంగా మారి, అడుగున ఖాళీగా ఉన్నచోట తెల్లటి వరసలు బయటపడ్డాయి. ప్రాన్ పికిల్, ప్రాన్ పికిల్, ప్రాన్ పికిల్. ఎవరో లెక్కపెట్టి నూటెనిమిది అన్నారు.

సుధామణి లెక్కపెట్టలేదు. ఆమెకి అవసరం లేకపోయింది.

మిగతావాళ్ళెవరికీ అయిదు వారాల కిందటి జోకు గుర్తు రాలేదు. జయదేవ్ గారు బోర్డు మీద 'శివాజీ' అని రాసి చుట్టూ గుండ్రం గీశారు. "ఎక్కడో చదివి తెలివితేటలు చూపించాడు. ఆ సైటు ఇక అతని చేతిలో ఉండటానికి వీల్లేదు. తప్పు సరిదిద్దుకున్నాం, మళ్ళీ చేర్చుకోమని గూగుల్‌కి విన్నపం పెట్టుకోవచ్చు. అందులో బయటివాడి నిర్వాకమని రాద్దాం" అన్నారు.

నవ్వించడానికి ఎప్పుడూ తయారుగా ఉండే సుధామణి నోరు ఆ సాయంత్రం ఒక్క మాట అనలేకపోయింది. చెబితే ఉద్యోగం పోవచ్చు, గంప ఎలాగూ పోతుంది. చెప్పకపోతే ఏ పాపం ఎరగని శివాజీ పోతాడు. ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని అన్నం కెలుకుతుంటే కొండలయ్య చూశాడు. అడిగాడు. ఆమె అంతా చెప్పేసింది.

"ఆవిడకి చెప్పావా?"

"లేదు."

"పొద్దున ఆరింటికి బస్సుంది" అని ఆయన మజ్జిగ పోసుకున్నాడు.

ఉయ్యూరు, పామర్రు మీదుగా బస్సు చల్లపల్లి చేరేదాకా సుధామణి తను చెప్పబోయే మాటలు పదిరకాలుగా కట్టుకుంది. తీరా గంగాదేవి పెరట్లో, ఒలవడానికి రొయ్యల్లేక ఖాళీగా బోర్లించిన బేసిన్ల మధ్య నిలబడేసరికి ఒక్కటే మిగిలింది.

"పిన్నిగారూ, ఆ నూటెనిమిది సంగతి నేనే రాశానండి. అది నిజం కాదు. నవ్వులకి రాశాను. దానివల్లే మీ సైటు పోయింది."

గంగాదేవికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అరుస్తుందేమోనని సుధామణి తల వంచుకుంది. అరిచినా బాగుండేది.

"నవ్వులకా? నేను మడి కట్టుకున్నంత పని చేశానే. మధ్యలో దాహమేసినా లేవలేదు" అంది గంగాదేవి. ఆవిడ ముఖం చిన్నబోయింది. "మీ ఆఫీసులో అందరూ నవ్వుకున్నారా?"

"మిమ్మల్ని చూసి కాదండి."

"నన్ను చూడకుండానే నవ్వారు. సర్లే." ఆవిడ బేసిన్ ఒకటి తిరగేసి దానిమీద కూర్చుంది. "నవ్వులకి రాసిందేదో, నిజంగా రాసిందేదో నాలాంటిదానికి తెలిసేదెట్లాగమ్మా? నీ కాగితంలో అన్నీ ఒకే అచ్చులో ఉంటాయి గదా."

సుధామణి నాన్న సంగతి చెప్పింది. మార్కెట్టు, వేలం, కోతలు, తలపాగా తీస్తే నిజమనే పద్ధతి. చేపకి తలపాగా అందుకే పెట్టానండి అంది.

గంగాదేవి అంతా విని, ఎర్రబడ్డ కళ్ళతో అడిగింది. "మరి ఇన్నేళ్ళలో నీ చేప ఎప్పుడైనా తలపాగా తీసిందా?"

తీయలేదు. సుధామణికి అప్పుడు ఏడుపొచ్చింది. మంచినీళ్ళు ఇచ్చింది గంగాదేవే. వెళ్ళేముందు ఎండురొయ్యల కారం పొట్లం కూడా కట్టిచ్చింది. ఆ పొట్లం చేతిలో పెట్టుకుని బస్సులో కూర్చుంటే, రెండు దెబ్బలు కొట్టి పంపినా ఇంత బాధగా ఉండేది కాదనిపించింది.

మధ్యాహ్నానికి ఆఫీసుకొచ్చి జయదేవ్ గారికీ చెప్పింది. ఆయన లేచి బోర్డు మీద శివాజీ పేరు తుడిచేశారు. అప్పటికే ఆయన రెండు పేజీల విన్నపం ఇంగ్లీషులో తయారుచేసి ఉంచారు. అందులో 'అనివార్య పరిస్థితులు' నాలుగుసార్లు, 'మూడో వ్యక్తి' ఆరుసార్లు ఉన్నాయి. సుధామణి దాన్ని పక్కన పెట్టి ఇంగ్లీషులోనే ఆరు వాక్యాలు రాసింది. మా ఊళ్ళో మేం దేవుడి పేరు నూటెనిమిది సార్లు రాస్తాం. నేను వేళాకోళానికి సరుకు పేరు అలా రాయమన్నాను. మా కస్టమర్ నమ్మి, ఒక్కోటీ లెక్కపెట్టి రాయించింది. ఆమె ఎవర్నీ మోసం చేయాలనుకోలేదు. తప్పు నాది. అన్నీ తీసేశాం. ఇట్లు సుధామణి.

"ఇది చదివి వాళ్ళు నవ్వుతారమ్మా" అన్నారు జయదేవ్ గారు.

"నవ్వనివ్వండి సార్. చదువుతారు గదా."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, పంపించమన్నారు. ఉద్యోగం సంగతి ఆయనా ఎత్తలేదు, ఆమె కూడా అడగలేదు.

ఆ శనివారం కూలర్ పైన కాగితం చూసి అందరూ ఆగిపోయారు. చేప ఉంది. తలపాగా లేదు. బోడితలతో కొర్రమీను ఎంత దిగాలుగా ఉంటుందో అంతకుముందు ఎవరికీ తెలియదు. కింద జోకు ఒక్కటీ లేదు. జరిగింది జరిగినట్టు, గంగాదేవి గారి పేరు బయటపెట్టకుండా, తన పేరు దాచకుండా రాసింది. చివర ఒక నియమం పెట్టింది. "ఇకనుంచి తలపాగా ఉన్న చేప కింద ఉన్నవి నవ్వులకి. తలపాగా లేని చేప కింద ఉన్నవి నిజం." కాగితం ఎప్పటిలాగే లబ్బీపేటకీ గుంటూరుకీ హైదరాబాదుకీ వెళ్ళింది. ఎవరైనా వెక్కిరిస్తారని ఆమె సిద్ధపడింది. సోమవారం గుంటూరు నుంచి ఒకాయన ఫోన్ చేసి, గొంతు తగ్గించి, తమ ఆఫీసులో కూడా ఒక కస్టమర్ ఇలాగే రాశాడనీ, అతను మాత్రం వెయ్యిన్నూట పదహార్లు రాశాడనీ చెప్పాడు.

గూగుల్ నుంచి 'మీ విన్నపం అందింది' అని ఒక యంత్రం జవాబిచ్చింది, అంతే. మనిషెవరైనా చదివారో లేదో తెలియదు. రోజూ పొద్దున ఆఫీసుకి రాగానే సుధామణి చెప్పులు కూడా విప్పకుండా గూగుల్లో గంగాదేవి, చల్లపల్లి, పచ్చడి అనే మూడు మాటలూ కొట్టి చూసేది. వారం, రెండు వారాలు. రెండు వారాల గడువు దాటినా గంగాదేవి ఎవర్నీ పంపేయలేదని శివాజీ చెప్పాడు. బజార్లో కొట్టుకొట్టుకీ తిరిగి సీసాలు వేయిస్తోందట. మూడు వారాలు, నాలుగు. జూన్‌లో వానలు మొదలయ్యాయి.

అయిదో వారం మంగళవారంనాడు, మొదటి పేజీలో ఏడో వరసలో, గంగాదేవి పచ్చళ్ళు, చల్లపల్లి.

సుధామణి కేకకి జయదేవ్ గారి చేతిలో టీ ఒలికింది. ఆమె ఆయన ఫోనే లాక్కుని చల్లపల్లి కలిపింది.

"పిన్నిగారూ, వచ్చేసిందండీ!"

"తెలుసమ్మా. పొద్దునే పూనా నుంచి ఆర్డరొచ్చింది." వెనక రోట్లో కారం దంచుతున్న చప్పుడు, ఎవరో నవ్వుతున్నారు. "నేనూ ఊరికే కూర్చోలేదులే. ఈ అయిదు వారాలూ రోజూ నూటెనిమిది సార్లు రాశాను."

"సైట్లోనా!"

"నా మొహం, ఇంట్లో నోటుపుస్తకంలో. ఈసారి నల్ల సిరాతో, కనపడేలాగ రాశాను."

"ప్రాన్ పికిల్ అనా?"

"కాదు. 'సుధామణి ఉత్తరం వాళ్ళు చదవాలి' అని."

నిజమో, ఇన్నాళ్ళకి తనమీద తీర్చుకుంటున్న వేళాకోళమో ఆ గొంతుని బట్టి తెలియడం లేదు. కొండలయ్య కూతురికే తెలియడం లేదు.

"పిన్నిగారూ, నిజం చెప్పండి. తలపాగా పెట్టుకునా, తీసా?"

అవతల రోటి చప్పుడు ఆగింది.

"తీసేనమ్మా" అంది గంగాదేవి.